కాయ కోయకముందే చెప్పాలి: ఒక మామిడి ఫ్యాక్టరీ గేటు దగ్గర చేసిన పని

2025 జూన్ మూడో వారంలో చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి నాకు ఫోను వచ్చింది. "గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రైతులకూ మా సెక్యూరిటీకీ రోజూ గొడవే. టోకెన్లు ఇచ్చే యాప్ ఒకటి చేసిపెట్టండి" అని అడిగారు మేనేజరు. నేను తిరుపతిలో ఉంటాను. ఆసుపత్రుల కౌంటర్లు, దరఖాస్తు ఫారాలు, ఫిర్యాదుల విభాగాలు వంటివి జనానికి అర్థమయ్యేలా తీర్చిదిద్దడం నా పని. యాప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు రెండు రోజులు మీ గేటు దగ్గర కూర్చోనివ్వండి అన్నాను. ఆయన ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారు.

సేవలను రూపొందించే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు సూత్రాలు చెప్పమని నన్ను తరచుగా అడుగుతుంటారు. విడిగా చెబితే అవి నీతివాక్యాల్లా వినిపిస్తాయి. "వాడేవాళ్ల అవసరంతో మొదలుపెట్టండి" అంటే కాదనేవారెవరు? ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలిసింది ఇలాంటి చోట్లే. అందుకే ఈ కేసును నా పొరపాటుతో సహా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫ్యాక్టరీ పేరు మాత్రం చెప్పను.

ముందు ఆ సీజను సంగతి. చిత్తూరు జిల్లా మామిడిలో పెద్ద వాటా తోతాపురిది. నేరుగా తినడానికన్నా గుజ్జుకే ఎక్కువగా పోయే రకం అది. జూన్, జులై నెలల్లో తోటలన్నీ దాదాపు ఒకేసారి కోతకు వస్తాయి. 2025లో కాపు విరగకాసింది, ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానికి ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందేలా చేస్తుందని నిర్ణయం వచ్చింది. ఒక ట్రాలీలో నాలుగు టన్నుల కాయ ఉందనుకుంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చేది 32 వేల రూపాయలు. కోత కూలి, ఎత్తుడు కూలి, ట్రాక్టరు బాడుగ అందులోంచే పోవాలి. బండి గేటు బయట ఒక రోజు ఆగితే ఇంకో రోజు బాడుగ పడుతుంది. కాయ ఎండకు వేడెక్కి, అడుగున ఉన్నది నలిగి, కాటా దగ్గర తరుగు పెరుగుతుంది. ఆ లైనులో నిలబడ్డ రైతుకు ప్రతి గంటా నష్టమే.

గేటు దగ్గర రెండు రోజులు

మొదటి రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. చూశాను, రాసుకున్నాను. డ్రైవర్లు ట్రాలీల కింద నీడలో పడుకున్నారు. కొందరు కాయ మీద వేపకొమ్మలు పరిచి, పైన తడిపిన గోనెపట్టాలు కప్పారు. రోడ్డు పక్క టీ బంకు ఆయన రాత్రంతా పొయ్యి ఆర్పలేదు. ఆ రోజు నేను లెక్కపెట్టిన ట్రాక్టర్లు 96. ఫ్యాక్టరీ రోజుకు దించుకోగలిగేది సుమారు 32 బళ్లు.

ఇక్కడ కొత్తవాళ్లు ఒక లెక్క నేర్చుకోవాలి. అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో దీనికి గణిత నిరూపణ ఇచ్చాడు. సగటున వరుసలో ఉన్నవాళ్ల సంఖ్యను, గంటకో రోజుకో బయటికి వెళ్లేవాళ్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కరు ఎంతసేపు ఆగాలో వస్తుంది. 96ను 32తో భాగిస్తే మూడు. అంటే ఆ రోజు చివర చేరిన బండి మూడు రోజులు ఆగాలి. ఈ లెక్కకు యాప్ అక్కర్లేదు, పలకా బలపం చాలు. కానీ ఆ "మూడు రోజులు" అనే మాటను ఆ రోడ్డు మీద ఒక్క రైతుకైనా ఎవరూ చెప్పలేదు.

రెండో రోజు మాట కలిపాను. పులిచెర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెప్పిన మాట ఈ కేసు మొత్తానికి తాళం చెవి అయింది. "అమ్మా, నేను సోమవారం కోశాను. ఈ రోజు బుధవారం. మూడు రోజులు పడుతుందని ముందే తెలిసి ఉంటే కోసేవాడినే కాదు. చెట్టు మీద ఉంటే కాయ ఇంకో వారమైనా ఆగేది. ఇప్పుడు తిరిగి పోదామన్నా కాయను చెట్టుకు అతికించలేను కదా."

ఆ మాట నా పుస్తకంలో రాసుకుని దాని చుట్టూ గీత గీశాను. ప్రతి సేవలోనూ మనిషి వెనక్కి తీసుకోలేని పని ఒకటి చేసే చోటు ఉంటుంది. ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం, ఇల్లు ఖాళీ చేయడం, ఊరి నుంచి బస్సెక్కి రావడం, పరగడుపున రక్తపరీక్షకు బయలుదేరడం లాంటివి. ఇక్కడ అది కోత. మనం చెప్పవలసిన ముఖ్యమైన సంగతి ఆ చోటుకు ముందే అతనికి చేరాలి. తర్వాత ఎంత మర్యాదగా చెప్పినా, ఎంత అందమైన బోర్డు మీద రాసినా అతనికి పనికిరాదు. మేనేజరు నీడకు షెడ్డు వేయిస్తాను, చల్లటి నీళ్లు పెట్టిస్తాను అన్నారు. అది మంచి మనసే, వేయించారు కూడా. కానీ నీడ బండి పక్కనున్న మనిషికి దక్కింది, ట్రాలీలోని కాయకు దక్కలేదు.

ఆ సాయంత్రం ఇంకొకటి గమనించాను. గేటు దగ్గరి వాచ్‌మన్ సెల్‌ఫోను ఆగకుండా మోగుతూనే ఉంది. "అన్నా, లైను ఎంత ఉంది? రేపు తోలుకొని రావచ్చా?" అని ఊళ్ల నుంచి అడుగుతున్నారు. ఆయన ఓపికగా రోడ్డు మీదికి వెళ్లి, చూసి వచ్చి చెబుతున్నాడు. ఆరు నుంచి తొమ్మిది గంటల మధ్య 43 ఫోన్లు వచ్చాయి. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీకి సమాచార వ్యవస్థ లేదని అందరూ అనుకుంటున్నారు. అది ఉంది, ఒక మనిషి సొంత ఫోనులో, సొంత ఓపికతో నడుస్తోంది. మీరు ఏ సేవ దగ్గరికి వెళ్లినా ఇలాంటి మనిషి ఒకరు కనిపిస్తారు. కొత్త వ్యవస్థ పెట్టేముందు ఆ మనిషిని వెతకండి. జనం నిజంగా ఏం అడుగుతున్నారో అతనికి కంఠస్థంగా తెలుసు.

పన్నెండు మెట్లు

మూడో రోజు క్యాంటీను గోడకు పొడవాటి ప్యాకింగు కాగితం అంటించాం. 1980లలో లిన్ షోస్టాక్ అనే అమెరికన్ బ్యాంకు ఉద్యోగిని సేవను కూడా యంత్రంలాగా పటం గీసి చూపవచ్చని చెప్పింది. ఆమె తీసుకున్న ఉదాహరణల్లో బూట్ల పాలిష్ ఒకటి. వచ్చినవాళ్లకు కనిపించేది పైన, కనిపించకుండా వెనక జరిగేది కింద, మధ్యలో ఒక గీత. మేమూ అలాగే గీశాం. మేనేజరు, కాటా గుమాస్తా, వాచ్‌మన్, కాయ మాగబెట్టే గదుల సూపర్‌వైజరు, ఇద్దరు రైతులు వచ్చి నిలబడ్డారు.

ముందు ఈ సేవకు పేరు కావాలి. ఫ్యాక్టరీ రికార్డుల్లో దీన్ని "ఇన్‌వర్డ్" అంటారు. రైతులు "కాయ తోలడం" అంటారు. పేరు చిన్న విషయం కాదు. "ఇన్‌వర్డ్" అన్నామంటే పని గేటు దగ్గర మొదలై గోదాములో అయిపోతుంది. "కాయ తోలడం" అంటే తోటలో మొదలై డబ్బు చేతికందాక అయిపోతుంది. కాగితం మీద రైతుల మాటే రాశాం.

మెట్లు పన్నెండు వచ్చాయి: ధర కనుక్కోవడం, కూలీలను మాట్లాడుకోవడం, ట్రాక్టరు మాట్లాడుకోవడం, కోత, ప్రయాణం, గేటు, నిండు బండి కాటా, కాయ చూసి తరుగు కట్టడం, దించడం, ఖాళీ బండి కాటా, చీటీ, డబ్బు. ఇందులో ఫ్యాక్టరీకి రైతు కనిపించేది ఆరో మెట్టు దగ్గర. గొడవకు కారణం నాలుగో మెట్టు దగ్గరుంది. ఆ కాగితం ముందు నిలబడ్డాక యాప్ మాట మళ్లీ రాలేదు.

గీత కింది భాగంలో ఇంకో నిజం బయటపడింది. గేటులో వేగం పెంచితే లైను తగ్గుతుందని అందరి నమ్మకం. అడ్డు గేటు దగ్గర లేదు. పచ్చికాయ లోపలికి వచ్చాక గదుల్లో ఎథిలీన్ వాయువుతో కొన్ని రోజులు మాగాలి. మాగాకే కడగడం, గుజ్జు తీయడం, వేడిచేసి శుభ్రమైన సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెట్టడం. గది ఖాళీ అయితేనే కొత్త కాయకు చోటు. మాగే వేగాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. గేటు ఎంత చురుగ్గా నడిచినా బళ్లు రోడ్డు మీద కాకుండా ఆవరణలో నిలుస్తాయి, అంతే తేడా.

అయితే ఇదే మాకు దారి చూపింది. ఏ గదిలో కాయ ఏ రోజు పెట్టారో సూపర్‌వైజరు నోటు పుస్తకంలో రాసి ఉంది. ఆ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆయన మూడు నాలుగు రోజుల ముందే చెప్పగలడు. రైతుకు కావలసిన జవాబు ఆ పుస్తకంలోనే ఉంది. అది గేటు దాకా రావడం లేదు, గేటు నుంచి తోట దాకా పోవడం లేదు.

నా పొరపాటు

అప్పటికే ఫ్యాక్టరీ వాళ్లు పొద్దున ఆరింటికి గేటు దగ్గర టోకెన్లు ఇస్తున్నారు. దాన్ని వెంటనే ఆపించాను. ఒకే చోట, ఒకే వేళకు టోకెన్లు పంచితే టోకెన్ కోసమే తోపులాట మొదలవుతుంది. అదే ఏడాది జనవరి 8న మా తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ రాత్రి ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేరు. వరుసను తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు ఇంకో వరుసను పుట్టిస్తుందేమో చూసుకోవడం ఈ పని చేసేవాళ్ల బాధ్యత అని నేను నమ్ముతాను.

దాని బదులు ఫోనులో టోకెన్ పెట్టాను. రైతు ఫోను చేస్తే వరుస సంఖ్య చెబుతాం. రోజూ సాయంత్రం "రేపు 301 నుంచి 330 వరకు" అని సందేశం పంపుతాం. కాగితం మీద చక్కగా ఉంది. నాలుగు రోజులు గడిచినా రోడ్డు మీద బళ్లు తగ్గలేదు. 340 నంబరు ఉన్నవాళ్లూ కోసుకుని వచ్చేశారు.

ఎందుకు వచ్చారని అడిగితే ఒక రైతు ఎదురు ప్రశ్న వేశాడు: "సాయంత్రం ఏడింటికి చెబితే పొద్దున్నే కూలీలు ఎక్కడ దొరుకుతారమ్మా? మేస్త్రీకి రెండు రోజుల ముందు చెప్పాలి."

నాకు చాలా సిగ్గేసింది. కూలీలను మాట్లాడుకోవడం మేము గోడ మీద గీసిన పటంలో రెండో మెట్టు. నేనే రాశాను. రాసి కూడా ఫ్యాక్టరీకి ఎప్పుడు చెప్పడం వీలో ఆ వేళకు చెప్పాను, రైతుకు ఎప్పుడు తెలియాలో ఆ వేళకు కాదు. పైగా నేనిచ్చింది సంఖ్య. సంఖ్య వింటే ముందు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది, ఎప్పుడు రావాలో తెలియదు. ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసిన నిరీక్షణ కన్నా పొడుగ్గా అనిపిస్తుందని డేవిడ్ మైస్టర్ 1985లోనే రాశాడు. నేను ఆ సంగతి చదివినదాన్నే, ఇతరులకు పాఠంగా చెప్పినదాన్నే. చేతిలో పని ఉన్నప్పుడు మరిచాను. మీకూ జరుగుతుంది. అందుకే మీరు గీసిన పటాన్ని ప్రతి మార్పుకు ముందు మొదటి మెట్టు నుంచి వేలు పెట్టి చదవండి.

రెండోసారి సంఖ్య తీసేసి తేదీ ఇచ్చాం. రైతు ఫోను చేస్తాడు. ఊరు, ఎన్ని టన్నులు, ఎవరి పేరు అని గుమాస్తా అడుగుతాడు. గదుల పుస్తకం చూసి కనీసం మూడు రోజుల తర్వాతి తేదీ, పొద్దునో మధ్యాహ్నమో చెబుతాడు. "అప్పటిదాకా కోయకండి" అన్న మాట తప్పనిసరిగా చెప్పాలి. ఆ వాక్యాన్ని గుమాస్తా బల్ల మీద రాసి అంటించాం. ఎక్కువమంది దగ్గర మామూలు ఫోన్లే ఉన్నాయి కాబట్టి అంతా మాటల మీదే నడిచింది.

ఇది జనానికి నేర్పడానికి ఎంత కష్టపడాలో అని భయపడ్డాను. అక్కర్లేకపోయింది. తిరుపతిలో శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్స్ దగ్గర ఇచ్చే సర్వదర్శనం టోకెన్ గురించి ఈ చుట్టుపక్కల తెలియనివారు తక్కువ. దాని మీద ఏ వేళకు రావాలో రాసి ఉంటుంది. "దర్శనం టోకెన్ లాగా, మీ వేళకు మీరు వస్తే చాలు" అని ఒక్క మాట అంటే ఫోనులో అవతలివాళ్లకు అర్థమైపోయేది. కొత్తదాన్ని జనానికి ముందే అలవాటున్నదాని పక్కన పెట్టి చెప్పగలిగితే సగం శిక్షణ తప్పుతుంది.

మాట తప్పితే ఎవరు భరించాలి

తేదీ చెప్పడం సులువు. ఆ తేదీకి దించుకోలేకపోతే? ఈ ప్రశ్న దగ్గర మేనేజరుకూ నాకూ రెండు రోజులు వాదన నడిచింది. తేదీకి వచ్చిన బండిని మర్నాడు పొద్దుటిలోగా దించుకోకపోతే ఆ రోజు బాడుగ ఫ్యాక్టరీ భరించాలన్నాను. అంత భారం మోయలేమన్నారు. ఇప్పుడు ఆ భారాన్ని రైతు మోస్తున్నాడు, మాట ఇచ్చింది మాత్రం మీరు అన్నాను. చివరకు ఆయన్ను ఒప్పించింది నా వాదన కాదు. నలిగి కుళ్లిన కాయ నుంచి గుజ్జు తక్కువ వస్తుంది, ఏరివేతకు కూలీ ఎక్కువ పడుతుంది అని సూపర్‌వైజరు చెప్పిన మాట ఆయన్ను ఒప్పించింది. బాడుగ షరతు ఒప్పుకున్నాక గుమాస్తా తేదీలు ఇచ్చే తీరు మారింది. "రండి చూద్దాం" అనడం మానేసి, గదుల పుస్తకం తెరిచి చూసి చెప్పడం మొదలుపెట్టాడు.

రైతు వైపు అంత కఠినం పెట్టలేదు. వాన పడితే కోత ఆగిపోతుంది. తేదీ తప్పినవాళ్లకు రద్దు లేదు, తర్వాతి ఖాళీలో చోటు ఇస్తాం. ఇద్దరికీ ఒకే శిక్ష పెట్టడం సమానంగా కనిపిస్తుంది గానీ న్యాయం కాదు. వానను ఆపడం రైతు చేతిలో లేదు.

గాలివానకు రాలిన కాయ మూడు రోజులు ఆగదు. అందుకని రోజుకు మూడు బళ్ల చోటు ఖాళీగా ఉంచి, దాన్ని ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారం వాచ్‌మన్‌కు ఇచ్చాం. తన వాళ్లకు ఇచ్చుకుంటాడని ఆఫీసులో అనుమానపడ్డారు. గేటు దగ్గర నల్లబల్ల పెట్టించాను. ఎవరికి ఇచ్చాడో, ఏ ఊరో, ఎందుకో దాని మీద రాయాలి. లైనులో ఉన్నవాళ్లంతా చదువుతారు. సీజను అయిపోయేదాకా ఆ బల్ల మీద రాసిన కారణాన్ని ఒక్కరూ తప్పుపట్టలేదు.

ర్యాంపుల (రైతుల దగ్గర కాయ కొని ఫ్యాక్టరీలకు తోలే మండీల) వ్యాపారులు ఒకే ఫోను నుంచి పది బళ్లకు తేదీలు తీసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకు వేరే వాటా పెట్టాం. పూర్తిగా ఆగలేదు.

చీటీ

నాకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది అరచేతిలో పట్టే ఒక కాగితానికి.

కాటా దగ్గర కంప్యూటర్ నుంచి వచ్చే చీటీ థర్మల్ కాగితం, బస్సు టికెట్టు లాంటిది. వేడి తగిలితే ఆ కాగితం నల్లబడుతుంది. జూన్ ఎండలో ట్రాక్టరు సీటు పక్కన పెట్టుకుని ఊరు చేరేసరికి సగం అక్షరాలు కనిపించవు. ప్రభుత్వం ఇచ్చే 4 రూపాయల కోసం ఎవరైనా ఎన్ని కిలోలు వేశావని అడిగితే చూపడానికి రైతు దగ్గర ఉన్నది ఆ కాగితమే. పైగా దాని మీద అన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాలు. సేవ చేసినదానికి రుజువు సేవలో భాగమే. ఆ రుజువు ఎన్ని నెలలు నిలవాలో లెక్కవేసి కాగితం ఎంచుకోవాలి.

కార్బన్ కాపీ పుస్తకం అచ్చు వేయించాం, తెలుగులో. మొదటి ముసాయిదాలో "నికర బరువు" అని రాశాను. పదిమంది రైతులకు చూపించి "దీని ప్రకారం మీకు ఎంత బరువుకు డబ్బు వస్తుంది?" అని అడిగితే ఆరుగురు నిండు బండి బరువు మీద వేలు పెట్టారు. "లెక్కకు వచ్చే బరువు" అని మార్చి మరో పదిమందికి చూపిస్తే ఒక్కరే తడబడ్డారు. అర్థమైందా అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. అలా అడగకండి. కాగితం చేతికిచ్చి ఏదైనా పని చేయమనండి.

తరుగు పక్కన "కారణం" అనే గడి పెట్టాం. ఇంతకుముందు తరుగు ఎంతో చెప్పేవారు, ఎందుకో చెప్పేవారు కాదు. ఇప్పుడు కాయ చూసేటప్పుడు రైతు పక్కనే ఉంటాడు, నలిగినదా, లేతదా, మచ్చ ఉందా అని గుర్తు పెడతారు. తరుగు అంకె పెద్దగా మారలేదు. గొడవలు మాత్రం మారాయి. ముందు "మోసం చేశారు" అనేవాళ్లు ఇప్పుడు "ఈ బుట్టలో లేతకాయ లేదు, మళ్లీ చూడండి" అంటున్నారు. రెండో దానికి జవాబు చెప్పవచ్చు.

ఒక ఉదయం ఒకే ట్రాలీలో ఇద్దరి కాయ వచ్చింది. ఎకరం తోట ఉన్న ఒకావిడ, కౌలుకు చేసే ఆమె మరిది. ఒక్కొక్కరిది బండికి సరిపడా లేదు. చీటీలో ఒకే పేరుకు చోటు ఉంది. మరిది పేరు రాస్తే ఆమె 4 రూపాయలు పోతాయి, ఆమె పేరు రాస్తే అతనివి పోతాయి. గుమాస్తా ఏం చేయాలో తోచక నా వైపు చూశాడు. ఒకరి కాయ దించాక మధ్యలో ఇంకోసారి కాటా వేసి రెండు చీటీలు రాశాం. మర్నాడే దాన్ని నియమం చేశాం. అలాంటి బళ్లు తరచుగా వస్తూనే ఉన్నాయి. మేము గీసిన పటంలో ఒక బండికి ఒక రైతు అని రాసుకోవడమే తప్పు. చిన్న కమతాలవాళ్లు ముందునుంచీ అలాగే తోలుతున్నారు, మేము అడగలేదు.

ఏం మారింది, ఏం మారలేదు

జులై రెండో వారం నుంచి రాత్రిపూట రోడ్డు మీద ఆగే బళ్లు బాగా తగ్గాయి. చివరి వారంలో నేను లెక్కపెట్టిన రాత్రి తొమ్మిది ఉన్నాయి, అవన్నీ మర్నాటి పొద్దుటి తేదీవే. మధ్యలో బాయిలర్ చెడిపోయిన రెండు రోజులు మళ్లీ పాత లైనే కనిపించింది. ఆ రెండు రోజుల బాడుగను ఫ్యాక్టరీ చెల్లించింది. వాచ్‌మన్‌కు ఫ్యాక్టరీ ఖర్చుతో ఫోను, సాయంత్రం వేళకు ఒక సహాయకుడు దొరికారు. యాప్ చేయలేదు.

ధర మారలేదు. కిలో 8 రూపాయలకు అమ్ముకోవలసి వచ్చిన రైతు బాధను ఏ చీటీ తీర్చదు. ఆ మాట నేను రైతులతోనూ అన్నాను. మనం చేయగలిగినదాని హద్దు దాచకుండా చెప్పాలి.

పన్నెండో మెట్టు కూడా మా చేతికి రాలేదు. చీటీ అడుగున "డబ్బు పడే రోజు" అనే గడి అచ్చు వేయించాను. డబ్బు ఎప్పుడు సర్దుబాటు అవుతుందో ముందే చెప్పలేమని ఆఫీసు వాళ్లు దాన్ని నింపలేదు. తీసేయమన్నారు, నేను తీయనివ్వలేదు. సెప్టెంబరులో పులిచెర్ల పెద్దాయన నాకు ఫోను చేసి ఆ గడి గురించే అడిగాడు: "అన్నీ రాశారు, ఇదొక్కటి ఎందుకు వదిలేశారమ్మా?" ఆ ప్రశ్నను ఆయన మాటల్లోనే మేనేజరుకు పంపాను. వచ్చే సీజను పని మీద మా మొదటి సమావేశంలో చర్చించే అంశం అదొక్కటే.